కంట్లో ప్రెషర్ 34 అన్నారు, ఆపరేషన్ చెడిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖ గాజువాక. అమ్మకి 63 ఏళ్ళు. మే మొదటి వారంలో కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేసి లెన్సు వేశారు. మర్నాడు కట్టు విప్పి చూసి కంట్లో ప్రెషర్ 28 ఉందన్నారు, రెండు రోజులకి మాత్రలిచ్చారు. అవి వేసుకున్నాక అమ్మకి వేళ్ళు, మూతి చుట్టూ తిమ్మిర్లెక్కితే పక్షవాతమేమోనని ఆ రాత్రంతా మాకు నిద్రలేదు. వారానికి 16కి దిగింది. హమ్మయ్య అనుకున్నాం. ఐదో వారం వెళ్తే ఏకంగా 34! ఎడమకన్ను 15 ఉంది. చూపు బాగానే ఉంది, నొప్పి, ఎరుపు లేవు. టిమోలాల్ చుక్కలు రోజుకి రెండుసార్లు వేసి పది రోజుల్లో రమ్మన్నారు. అవి వేస్తే గొంతులో చేదుగా ఉందంటోంది. నాలుగు రోజులుగా కాస్త ఆయాసం కూడా, ఈ ఉక్కపోతకేమో. చలికాలంలో ఇన్‌హేలర్ వాడుతుంది గానీ ఇప్పుడు అవసరం లేదు. ఆపరేషన్ అప్పుడిచ్చిన చుక్కలు చీటీలో ఉన్నట్టే రోజుకి ఆరుసార్లు వేస్తున్నాం, సీసా అయిపోతే మళ్ళీ కొన్నాం కూడా. ప్రెషర్ తగ్గాలని అమ్మ బీపీ మాత్ర ఒకటికి రెండు వేసుకుంటోంది. ఆపరేషనే చెడింది, హైదరాబాద్ తీసుకెళ్దామని అన్నయ్య గొడవ. మా అమ్మమ్మకి చివరి రోజుల్లో రెండు కళ్ళూ కనపడలేదు, అమ్మకీ అంతేనా అని బెంగగా ఉంది. రెండో కన్ను చేయించాలా? జూలైలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని అమ్మ మొక్కుకుంది, పంపొచ్చా?

జవాబు: అమ్మా, ఇందులో రెండు మాటలు నీ ఉత్తరం అందిన రోజే నీకు మెసేజ్ పెట్టాను. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మొదటిది, ఆయాసం. అది ఉక్కపోత వల్ల కాకపోవచ్చు. టిమోలాల్ మంచి మందే, నలభై ఏళ్ళకి పైగా వాడుతున్నాం. కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకి అది వెయ్యకూడదు. కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండిపోదు. ముక్కు పక్కన, కంటి లోపలి మూలలో సన్నటి రంధ్రం ఉంటుంది, ఏడ్చినప్పుడు ముక్కు కారేది ఆ దారి వల్లే. చుక్క అందులోంచి ముక్కులోకి, గొంతులోకి జారుతుంది. మీ అమ్మగారికి తగిలిన చేదు అదే. అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గొట్టాలను బిగించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. అందుకే తర్వాతి డోసు వెయ్యకుండా ముందు డాక్టరుకి ఫోన్ చేసి, "అమ్మకి ఇన్‌హేలర్ ఉంది, ఈ చుక్కలు మొదలుపెట్టాక ఆయాసం వస్తోంది" అని చెప్పమన్నాను. ఫోన్ ఎత్తకపోతే నేరుగా వెళ్ళాలి. పిల్లికూతలు వినిపించినా, మాట తెగుతున్నా కంటి ఆసుపత్రి కాదు, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి.

ఆ డాక్టరుని తప్పుపట్టే ముందు ఒక్క సంగతి ఆలోచించు. "బీపీ, షుగర్, ఆస్తమా ఏమైనా ఉన్నాయా అమ్మా" అని వాళ్ళు అడిగే ఉంటారు. మన పెద్దవాళ్ళు ఏం చెబుతారు? "ఆస్తమా ఏం లేదు బాబూ, చలికాలం కొంచెం దగ్గు." వాళ్ళ దృష్టిలో ఆస్తమా అంటే మంచం పట్టినవాళ్ళది. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఈ జవాబు నేను వందసార్లు విన్నాను. అందుకే తర్వాత్తర్వాత ప్రశ్న మార్చేశాను: "ఎప్పుడైనా నోట్లో పీల్చే మందు వాడారా?" అప్పుడు నిజం బయటికొచ్చేది. టిమోలాల్ కాకపోతే ప్రెషర్ తగ్గించడానికి వేరే చుక్కలు ఉన్నాయి, డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్, బ్రిమోనిడిన్ లాంటివి. ఏది వెయ్యాలో కన్ను చూసిన డాక్టరే చెప్పాలి.

రెండోది బీపీ మాత్ర. కంటి ప్రెషర్ వేరు, బీపీ వేరు. బీపీ మాత్ర రెట్టింపు వేసుకుంటే కంటి ప్రెషర్ తగ్గదు, లేవగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలీదు: రాత్రిపూట బీపీ మరీ పడిపోతే కంటి నరానికి అందే రక్తం తగ్గుతుంది. ప్రెషర్ ఎక్కువున్న కంటికి అది ఇంకా చేటు. ఇవాళ్టి నుంచి పాత డోసే. బీపీ మిషన్ ఇంట్లో ఉంటే చూసి రాసిపెట్టు, లేకపోతే వీధి చివర మెడికల్ షాపులో చూపించు.

ఇక నీ అసలు ప్రశ్న, 34 ఎందుకొచ్చింది?

నీ ఉత్తరంలో జవాబు ఉంది, నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన వాక్యంలో ఉంది. "రోజుకి ఆరుసార్లు వేస్తున్నాం, సీసా అయిపోతే మళ్ళీ కొన్నాం." శుక్లం ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి ఇచ్చే చుక్కల్లో మామూలుగా స్టెరాయిడ్ ఉంటుంది. ప్రెడ్నిసోలోన్ గానీ, డెక్సామెథాసోన్ గానీ, చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో. దాన్ని సాధారణంగా మొదటివారం ఎక్కువసార్లతో మొదలుపెట్టి వారానికొకటి చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. ఆరు, అయిదు, నాలుగు, అలా. మీ చీటీ వెనక్కి తిప్పి చూడు. అక్కడ చిన్న గడుల్లో ఈ తగ్గింపు రాసి ఉంటుందని నా అనుమానం. ఇందులో మా తప్పు కూడా ఉంది. డిశ్చార్జి రోజు, బిల్లు కట్టే హడావుడిలో, ఆటో బయట హారన్ కొడుతుంటే, ఎవరో ఒకమ్మాయి గబగబా చెప్పేసిన లెక్క ఎవరికి గుర్తుంటుంది? మొదటి గడిలో ఉన్న "ఆరు" మాత్రమే గుర్తుంటుంది. అయిదో వారం వెళ్ళినప్పుడు "చుక్కలు వేస్తున్నారా" అని వాళ్ళు అడిగుంటారు, "వేస్తున్నాం" అని మీరు చెప్పుంటారు. ఇద్దరిదీ నిజమే, ఎన్నిసార్లన్నది మాత్రం మధ్యలో జారిపోయింది.

స్టెరాయిడ్ చుక్కలకీ ప్రెషర్‌కీ సంబంధం ఎలాగంటే, మన కంట్లో నల్లగుడ్డు వెనకాల ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, లోపలి నీరు. ఊరిన నీరు నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడ లాంటి భాగంలోంచి బయటికి పోతుంది. బాత్రూం మూలన జాలీ ఉంటుంది చూడు, అలాంటిదే. కుళాయి అదే ధారలో వస్తున్నా జాలీకి వెంట్రుకలు చుట్టుకుంటే నీరు నిలుస్తుంది కదా. స్టెరాయిడ్ కొంతమంది కళ్ళల్లో ఆ జాలీని బిరుసెక్కిస్తుంది, దాని సందుల్లో పదార్థం పేరుకునేలా చేస్తుంది. నీరు వెళ్ళే దారి తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. అందరికీ కాదు. నెలా రెండు నెలలు వరసగా వేస్తే సుమారు ముగ్గురిలో ఒకరికి కొంత పెరుగుతుంది, నూటికి అయిదారుగురికి బాగా ఎక్కువ పెరుగుతుంది. పెరగడం కూడా వెంటనే ఉండదు, చాలామందిలో రెండు వారాలు దాటాకే. మీ అమ్మగారి లెక్క చూడు: వారానికి 16, అయిదు వారాలకి 34. చుక్కలు పడని ఎడమకన్ను నిక్షేపంలా 15. స్టెరాయిడ్ మీదే నా అనుమానం బలంగా ఉండటానికి కారణం ఈ మూడంకెలే. లోపల వాపు మిగిలి ఉన్నా, నీరు పోయే మూల మూసుకున్నా కూడా ప్రెషర్ పెరగొచ్చు. కంటి మీద చిన్న అద్దం పెట్టి ఆ జల్లెడని నేరుగా చూసే పరీక్ష ఉంది, అది చేస్తే ఈ అనుమానాలు తేలిపోతాయి.

మరి మొదటిరోజు 28? అది వేరే కథ. ఆపరేషన్ చేసేటప్పుడు కన్ను లోపల గోడలు దెబ్బతినకుండా తేనెలాంటి చిక్కటి జెల్ నింపుతారు. చివర్లో తీసేస్తారు, అయినా కొంచెం మిగులుతుంది. ఆ జిగురు జాలీకి అడ్డుపడి మొదటి కొన్ని గంటల్లో ప్రెషర్ పెరుగుతుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. మీకిచ్చిన మాత్ర అసిటజోలమైడ్ అయ్యుంటుంది. వేళ్ళకీ మూతికీ తిమ్మిరి దాని అలవాటు, పక్షవాతం కాదు. ఇంకో తమాషా ఉంది. ఆ మాత్ర వేసుకున్నప్పుడు గోలీసోడా తాగితే చప్పగా, తుప్పు వాసనేస్తున్నట్టు ఉంటుంది. ఒక పేషెంటు వచ్చి పూర్ణా మార్కెట్ దగ్గర సోడావాడు మోసం చేస్తున్నాడని నాకు ఫిర్యాదు చేశాడు! ముందే చెప్పుంటే మీకు ఆ రాత్రి నిద్ర చెడేది కాదు, ఆ సోడావాడికి తిట్లు తప్పేవి.

అంటే 28కీ 34కీ పేరొకటే గానీ రెండూ వేరు వేరు. మొదటిదానికి ఆపరేషన్‌తో సంబంధం ఉంది, అది పోయింది కూడా. రెండోది చుక్కలది. "ఆపరేషన్ చెడింది" అన్న అన్నయ్య మాట నాకు నిలబడేలా కనిపించడం లేదు. చూపు బాగా వచ్చింది, నొప్పి లేదు, ఎరుపు లేదు. చెడిన ఆపరేషన్ ఇలా ఉండదు.

అయితే ఈ ముక్క చదవగానే స్టెరాయిడ్ సీసా తీసి చెత్తబుట్టలో వెయ్యొద్దు. రోజుకి ఆరుసార్లు పడుతున్న మందు ఒక్కసారిగా ఆపేస్తే లోపలి వాపు తిరగబెట్టొచ్చు. దాన్ని ఎంత తొందరగా తగ్గించాలి, ప్రెషర్‌ని అంతగా పెంచని లోటెప్రెడ్నాల్ లాంటి మందుకి మార్చాలా, స్టెరాయిడ్ లేని నెపాఫెనాక్ సరిపోతుందా అన్నది కన్ను లోపల వాపు ఎంతుందో దీపం కింద చూసి చెప్పాల్సిన మాట. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే: ఇంట్లో ఉన్న సీసాలన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని, చీటీ పట్టుకుని, పదిరోజులు ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే వెళ్ళి "ఇవి రోజుకి ఇన్నిసార్లు వేశాం" అని వాళ్ళ ముందు పెట్టడం. సీసాలు చూస్తే చాలు, నువ్వు పది నిమిషాలు చెప్పాల్సింది వాళ్ళకి అర నిమిషంలో అర్థమైపోతుంది. స్టెరాయిడ్ ఆపాక ఎక్కువమందిలో కొన్ని వారాల్లో ప్రెషర్ మామూలుకి వస్తుంది. అప్పటిదాకా తగ్గించే చుక్కలు కాపలా కాస్తాయి.

34 అంటే ఎంత ప్రమాదం? మామూలు కంటికి 10 నుంచి 21 దాకా ఉంటుంది, బీపీ లాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. 34 ఎక్కువే, నిర్లక్ష్యం చెయ్యకూడదు. కానీ ఆరోగ్యంగా ఉన్న కంటినరం కొన్ని వారాల పాటు దాన్ని మామూలుగా తట్టుకుంటుంది. నెలలు, ఏళ్ళు ఎవరూ చూడకుండా ఉంటేనే నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది, అదే నీటికాసుల జబ్బు. అలా పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఏ నొప్పీ లేకుండా పోతుంది, అదీ దీంతో చిక్కు. మా దగ్గరికి మద్దిలపాలెం వైపు నుంచి ఒక కాలేజీ కుర్రాడు వచ్చేవాడు. ఎండాకాలం కళ్ళు దురదని షాపులో అడిగి చుక్కలు కొనుక్కుని రెండేళ్ళు వేశాడు. దురద భలే తగ్గింది. వచ్చేసరికి ఒక కంట్లో మధ్యనున్న చూపు మాత్రం మిగిలి, పక్కలన్నీ చీకటైపోయాయి. గేటు స్తంభానికి బైకు రెండుసార్లు గుద్దుకున్నాకే ఇంట్లోవాళ్ళు తీసుకొచ్చారు. సీసా మీద పేరు చూస్తే డెక్సామెథాసోన్. మీ అమ్మగారి విషయంలో అయిదో వారంలోనే బయటపడింది, ఈ రెండూ పోల్చుకునే సంగతులే కావు. అయినా ఆ కుర్రాడి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, అమ్మగారి కేసులో కూడా రెండో సీసా షాపులో అడగ్గానే చేతికొచ్చేసింది.

ఒక్క అంకె మీదే ఊగిపోవద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రెషర్ ఎలా చూస్తారో గమనించావా? గాలి ఉఫ్ మని కొట్టే మిషన్ ఒకటి. దానికి అందరూ ఉలిక్కిపడతారు. గట్టిగా నమ్మేది రెండోది: మొద్దుబార్చే చుక్క, పసుపురంగు చుక్క వేసి, గడ్డం స్టాండు మీద పెట్టించి, నీలం వెలుగులో చిన్న గాజుమొన కంటికి ఆనిస్తారు. ఇటు నుంచి చూసే మాకు రెండు ఆకుపచ్చ అర్ధవృత్తాలు కనిపిస్తాయి. చక్రం తిప్పుతూ ఆ రెండింటి లోపలి అంచులు తాకేదాకా తెచ్చి అప్పుడు అంకె చదువుతాం. ఈలోగా పేషెంటు ఊపిరి బిగబట్టినా, రెప్పలు గట్టిగా మూసినా, జాకెట్టు మెడ దగ్గర బిగుతుగా ఉన్నా, రెప్ప ఎత్తేవాళ్ళు వేలితో గుడ్డుని నొక్కినా అంకె పైకి పోతుంది. ఉదయం సాయంత్రం తేడా కూడా ఉంటుంది. అందుకని ఈసారి అమ్మని మెడ వదులుగా ఉన్న జాకెట్టు వేసుకోమను, ఊపిరి మామూలుగా తియ్యమను. 34 తప్పు రీడింగ్ అని నేననడం లేదు. తర్వాత 24 వచ్చి, ఆ తర్వాత 26 వచ్చిందనుకో, దానికి మళ్ళీ ఇంట్లో యుద్ధం మొదలుపెట్టొద్దని చెబుతున్నానంతే.

నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపింది మాత్రం అమ్మమ్మ మాట. "చివరి రోజుల్లో రెండు కళ్ళూ కనపడలేదు." ఎందుకని? శుక్లాలా, వయసా, షుగరా? ఆ రోజుల్లో ఎవరూ కారణం అడగలేదు, ముసలితనం అనేశారు. అది నీటికాసులు అయ్యుండొచ్చు. ఆ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, ఉన్నవాళ్ళ తోబుట్టువులకీ పిల్లలకీ ముప్పు మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. పైగా స్టెరాయిడ్‌కి ప్రెషర్ బాగా పెరిగేది కూడా ఇలాంటి కుటుంబాల వాళ్ళకే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకీ, బాగా పెద్ద మైనస్ పవర్ ఉన్నవాళ్ళకీ కూడా. అందుకని డాక్టరుకి అమ్మమ్మ సంగతి తప్పకుండా చెప్పు. ప్రెషర్ దిగాక ఒకసారి నరం ఫొటో, నరం పొర మందం కొలిచే ఓసీటీ స్కాను, ఫీల్డు పరీక్ష చేయించి పెట్టుకోండి. ఫీల్డు పరీక్ష అంటే గిన్నెలాంటి మిషన్లో తలపెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కడం. అమ్మ విసుక్కుంటుంది, మొదటిసారి సరిగ్గా చెయ్యలేకపోవచ్చు కూడా. పర్వాలేదు, రెండోసారికి కుదురుతుంది. ఆ కాగితాలు పడెయ్యకుండా ఫైల్లో ఉంచు, మూడేళ్ళ తర్వాత నరంలో మార్పు ఉందా లేదా తేల్చేది అవే.

నీకు నలభై దాటి ఉంటే నువ్వూ, అన్నయ్యా కూడా చూపించుకోండి. కళ్ళజోడు షాపులో అక్షరాలు చదివించడం కాదు, ప్రెషర్, నరం రెండూ చూసే పరీక్ష.

హైదరాబాద్ ప్రయాణం గురించి. ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలనుకోవడం తప్పు కాదు, ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోడు. కానీ అందుకు రాత్రంతా రైల్లో కూర్చోనక్కర్లేదు. హనుమంతవాక జంక్షన్లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ ఉంది. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నీటికాసులు ప్రత్యేకంగా చూసే డాక్టర్లు మన ఊళ్ళోనే దొరుకుతారు. ముందు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళమంటాను, మొదటిరోజు నుంచి కంటి లెక్కలన్నీ ఉన్నది అక్కడే. తృప్తి లేకపోతే అప్పుడు ఫైలు పట్టుకుని రెండో చోటికి.

చుక్కలు వేసే పద్ధతి కూడా ఒకసారి చూసుకో. ఒక్క చుక్క చాలు, రెండోది బుగ్గ మీదకి కారడానికే. కింది రెప్ప కొంచెం లాగి, సీసా మూతి కంటికి తగలకుండా వెయ్యాలి. వెయ్యగానే టపటప కొట్టకుండా కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలని చూపుడువేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. మందు గొంతులోకి జారదు, చేదు తగ్గుతుంది, ఒంట్లోకి పోయేదీ తగ్గుతుంది. అంతమాత్రాన ఆస్తమా ఉన్నవాళ్ళు టిమోలాల్ వేసుకోవచ్చని అర్థం కాదు. రెండు రకాలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పాలలా తెల్లగా ఉండే మందు అయితే వేసేముందు బాగా కుదపాలి. మూత తీసిన రోజు తారీఖు సీసా మీద పెన్నుతో రాసుకో, నెల దాటితే పారెయ్యి.

రెండో కన్ను తప్పకుండా చేయించొచ్చు, తొందరేం లేదు. ముందు ఈ కంటి ప్రెషర్ దారికి రానీ. అప్పుడు డాక్టరుతో ఒక్క మాట చెప్పు: "ఈమెకి స్టెరాయిడ్‌కి ప్రెషర్ పెరుగుతుంది." అది విన్నాక వాళ్ళు మందు మారుస్తారు, తొందరగా తగ్గిస్తారు, మధ్యలో ఒకసారి ఎక్కువ చూస్తారు. ఫైలు అట్ట మీద ఎర్రసిరాతో రాయించు ఆ మాట. కొన్నాళ్ళకి లెన్సు వెనక పొర వస్తే లేజర్ చేస్తారు, అప్పుడూ కొన్ని గంటలు ప్రెషర్ పెరగొచ్చు, అప్పుడూ చెప్పాలి. మోకాలికి ఇంజక్షన్ చేసే డాక్టరుకీ, చర్మానికి ఆయింట్‌మెంటు రాసే డాక్టరుకీ కూడా. ఆ మందుల్లో, ఇన్‌హేలర్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, ఆ భయంతో ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. ఊపిరి ముందు, మిగతావన్నీ తర్వాత.

చూపు హఠాత్తుగా మసకబారినా, కన్ను ఎర్రబడి పోటు పెట్టినా, దీపాల చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల్లో వలయాలు కనపడినా, తలనొప్పితో వాంతులైనా అపాయింట్‌మెంట్ తేదీ చూడకుండా ఆ రాత్రే వెళ్ళాలి. వాంతులనగానే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండిపోయినవాళ్ళని చూశాను.

ఇక గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ఆపరేషనై రెండు నెలలు దాటుతుంది. కంటి గాయం అప్పటికి మానిపోతుంది. నడక వల్ల కంటి ప్రెషర్ పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. దారి పొడుగునా మజ్జిగ, నీళ్ళు ఇస్తుంటారు. ఒక్కసారిగా లీటరు గటగటా తాగకుండా కొంచెం కొంచెం తాగమను. ఒకేసారి ఎక్కువ నీళ్ళు తాగితే కొంతసేపు కంటి ప్రెషర్ పెరుగుతుంది. దారిలో అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం వద్దు, కాళ్ళు తడుపుకుంటే చాలు. ఆ జనంలో, ఆ కెరటాల్లో ఉప్పునీరూ ఇసుకా కంట్లో కొట్టించుకోవడం దేనికి?

కానీ నిజం చెప్పాలంటే కన్ను గురించి కాదు నా భయం. 32 కిలోమీటర్లు, రాత్రంతా, 63 ఏళ్ళ మనిషి, ఆయాసంతో. ఆలోగా ఊపిరి పూర్తిగా కుదుటపడి, ప్రెషర్ దిగి, డాక్టరు సరేనంటే నువ్వు పక్కనే ఉండి తీసుకెళ్ళు. చుక్కల సీసా, ఇన్‌హేలర్ నీ సంచీలో ఉండాలి, ఆవిడ కొంగున కాదు. హనుమంతవాక దాకా వచ్చేసరికి రొప్పుతుంటే అక్కడితో ఆపి ఆటో ఎక్కించు. అదీ కుదరదంటే ఈ ఏడాది కొండ కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టించి, బస్సులో కొండమీదకి తీసుకెళ్ళి దర్శనం చేయించు. మిగతా నడక వచ్చే ఏడాదికి బాకీ పెట్టమను. సింహాద్రి అప్పన్న అప్పు తొందరపెట్టే దేవుడు కాడు.